క్రొత్త యంత్రము కల్పించువారికి తొలి మాటలు

(మీర్‌పేటయందు జరిగిన వార్షిక మహాసభలో చేసిన ఉపన్యాసము)



ఉదయమునుండి ఈ సభయందు విద్యానిధికి విరాళములొసంగిన దాతల సన్మానమును, వసతిగృహమునుగూర్చిన తీర్మానమును జరిగినవి. భోజనవేళ సమీపించుచున్నది. ఇట్టి సమయమున పేటెంట్లనుగూర్చి మాటలాడ లేచినవానిని మీరు సహించుట మీ ఔదార్యమే. ఈ విషయమును కార్యదర్శిగారు నాకు నిర్ణయింపలేదు. నేనే అడిగి పుచ్చుకొంటిని. ఏల అడిగితినో మొదటనే విన్నవించుకొనుట న్యాయము.

గత సంవత్సరపు మన సంచికయందు, మన యువకుడొకడు నిర్మించిన కండెలు చుట్టు యంత్రమునుగూర్చి నాలుగు పుటల వ్యాసము వెలువడినది. అది వ్రాసినవాడను నేను. చిటికి కట్టి రంగులద్దిన పేకనూలును కండెలకు చుట్టునపుడు వరుస తప్పినచో మగ్గముపై పువ్వు చెదరునని మీలో నేతపని యెరిగిన వారికి నేను చెప్పనక్కర లేదు. నూలు తెగిన క్షణముననే చక్రమును నిలిపి, నిండిన కండెను వరుస చెడకుండ పెట్టెలో చేర్చు ఉపాయమును ఆ యువకుడు కనిపెట్టెను. నేను వాని యింటికి బోయి, యంత్రమును విప్పించి చూచి, లోపలి అమరికను చిత్రములతోడను కొలతలతోడను ప్రకటించితిని. వాడు సంతోషించెను. వాని తల్లి సంచికలు పది కొని బంధువులకు పంచెను.

కొన్ని మాసములు గడచిన పిదప వాడొక పేటెంటు ఏజెంటును దర్శింపబోయెను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "ఇది యెచ్చటనైన ప్రకటితమైనదా?" వాడు గర్వముతో సంచిలోనుండి మన సంచికను తీసి యిచ్చెను. ఆయన ఆ నాలుగు పుటలను సాంతముగా చదివి, పుస్తకమును మూసి మేజాపై నుంచి, "ఇందులో వ్రాసిన దానికి ఇక మన దేశమున పేటెంటు రాదు నాయనా" అనెను. వాడు నన్ను ఒక్క మాటయు అనలేదు. అనినచో నాకు కొంత ఊరట యుండెడిది.

కాబట్టి నేడు నేను చెప్పబోవునది పండితుని ఉపదేశము కాదు, తప్పు చేసినవాని వాఙ్మూలము.

చట్టము సంగతి యిది. మన దేశమున 1970 సంవత్సరపు పేటెంట్ల చట్టము అమలునందున్నది. ఒక కల్పనకు పేటెంటు లభింపవలెనన్న అది క్రొత్తది కావలెను, ఆ పనిలో నేర్పరియైన వానికి సులభముగ తోచునది కాకుండవలెను, పరిశ్రమకు ఉపయోగపడవలెను. క్రొత్తదనగా దరఖాస్తు దాఖలైన దినమునకు ముందు లోకమున నెచ్చటను ప్రకటితము కానిదని యర్థము. ప్రకటించినవాడు పరుడా, స్వయముగ కల్పకుడేనా అను భేదము సామాన్యముగ లేదు. తన చేతితో తానే ప్రకటించుకొన్నను క్రొత్తదనము పోవును. కల్పకుని సమ్మతి లేక అన్యులు ప్రకటించినచో కొంత రక్షణ కలదు. కాని మన యువకుడు సమ్మతించుటయే గాక నాకు టీయును ఇప్పించెను. కేంద్రప్రభుత్వము గెజెటునందు ప్రత్యేకముగ ప్రకటించిన ప్రదర్శనములకును, విద్వత్సభలయందు కల్పకుడు చదివిన పత్రములకును 12 నెలల గడువు చట్టము నొసగినది. మన సంఘము విద్వత్సభయే యని మనము భావించుకొనవచ్చును గాని, పేటెంటు కార్యాలయమును ఒప్పించుట కష్టము.

ఈ పొరపాటు మనకే క్రొత్తగ సంభవించినది కాదు. మగ్గమునకు సంబంధించిన యంత్రములు పుట్టిన ఇంగ్లండు దేశమున మన వృత్తివారే దీనిని అనుభవించిరి. జేమ్సు హార్‌గ్రీవ్సు అను నేతగాడు 1764 ప్రాంతమున ఒకే చక్రముతో అనేక దారములను వడకు "జెన్నీ" యంత్రమును కల్పించెను. జీవనము గడుచుటకై కొన్నిటిని అమ్ముకొనెను. 1770లో పేటెంటు పుచ్చుకొనెను. ఆ యంత్రమును అనుకరించిన వర్తకులపై వ్యాజ్యమునకు దిగగా, పేటెంటునకు ముందే అమ్మియున్న సంగతి బయటపడి వ్యాజ్యము నిలువలేదు. శామ్యూలు క్రాంప్టను అనునాతడు 1779లో "మ్యూలు" అను మేలైన వడకు యంత్రమును సిద్ధము చేసి, చందా ఇత్తుమను వర్తకుల మాట నమ్మి, పేటెంటు లేకయే రహస్యమును వెల్లడించెను. ఆతనికి చేరినది సుమారు 60 పౌనులు. దానితో ఇతరులు కోటీశ్వరులైన పిమ్మట, 1812లో పార్లమెంటు ఆతనికి 5,000 పౌనులు ఇచ్చెను. మన యిండ్లలో నేటికిని ఫ్లైషటిల్ మగ్గమని పిలుచుచున్న మగ్గమునకు మూలమైన నాడెను 1733లో కల్పించిన జాన్ కే కథ వేరు. ఆతడు పేటెంటు పొందెను. ఐనను మిల్లుల యజమానులు జట్టుకట్టి, ఖర్చులను పంచుకొని, ఆతనిని వ్యాజ్యములతోనే చితికించిరి. పేటెంటు అనునది కోటగోడ కాదు; దొంగపై ఫిర్యాదు చేయుటకు చేతనుండు దస్తావేజు మాత్రమే. ఆ దస్తావేజు లేనివానికి ఫిర్యాదు చేయు అర్హతయే లేదు. ఉన్నవానికి ఫిర్యాదు చేయు శక్తి వేరుగ కావలయును.

ఇక రక్షణకు ముందు సృష్టియుండవలెను గదా. రక్షించుటకు ఏమియు లేకయే రక్షణను గూర్చి వ్యాకులపడు యువకులను మీర్‌పేట, కర్మన్‌ఘాట్ ప్రాంతముల ఇంజనీరింగు విద్యార్థులలో నేను అనేకులను చూచితిని. "నాకొక గొప్ప ఆలోచన కలదు, ఎవరితోనైన చెప్పిన దొంగిలింతురు" అందురు. ఆలోచనకు పేటెంటు రాదు. ఆలోచనను ఆచరణలో పెట్టు పద్ధతి, అమరిక, సాధనము వీనికే వచ్చును. "తెగిన నూలును తనంతట పసిగట్టు యంత్రముండిన బాగుండును" అనుట కోరిక. "నూలు తెగగనే ఈ తేలిక పుల్ల ఇట్లు పడి ఈ పట్టును ఇట్లు విడిపించును" అనుట కల్పన. ఈ రెంటి నడుమ సంవత్సరములు గడచును.

ఆ సంవత్సరములెట్లుండునో తెలిసికొనగోరువారు ఇంగ్లండు పోనక్కరలేదు. ఇచ్చటనుండి బయలుదేరి ఉప్పలుమీదుగ వరంగల్లు మార్గమున బోయిన ఆలేరు వచ్చును. ఆ ప్రాంతమున శారాజీపేటయను గ్రామము కలదు. అచ్చటి చేనేత కుటుంబమున జనించిన చింతకింది మల్లేశముగారి పేరు వినని వారు ఈ సభలో నుండరు. 2017లో వారికి పద్మశ్రీ పురస్కారము లభించినది. 2019లో వారి జీవితమును చలనచిత్రముగ తీసిరి. చిత్రమును చూచి కన్నీరు పెట్టినవారు చాలమంది. వారి పద్ధతిని గమనించినవారు కొందరే. నేను పద్ధతిని గూర్చియే చెప్పెదను.

పోచంపల్లి చీరకు ఆసు పోయుట యెట్టి పనియో మన తల్లులకు తెలియును. అర్ధచంద్రాకారముగ నాటిన మేకుల చుట్టును, గజము పొడవు మేరకు చేతిని ఒక చీరకు సుమారు 9,000 పర్యాయములు త్రిప్పవలెను. దినమునకు రెండు చీరలనిన 18,000 పర్యాయములు. మల్లేశముగారి తల్లి లక్ష్మిగారు భుజపునొప్పితో బాధపడుచు, ఇక ఈ పని నావల్ల కాదనిరి. కొడుకు చదువు ప్రాథమికదశ దాటిన కొలదికాలమునకే ఆగిపోయినది. యంత్రశాస్త్రము తెలియదు. 1992లో ప్రారంభించెను. మొత్తము యంత్రమును ఒక్కమారు నిర్మింప జూడలేదు. చేయి చేయు కదలికలను విడదీసి, ఒక్కొక్క కదలికకు ఒక్కొక్క భాగమును చేయుచు వచ్చెను. ఇది మిక్కిలి ముఖ్యమైన సంగతి. డబ్బు చేతబడినపుడు ఒక భాగము; లేనపుడు పని నిలిచిపోవును. అప్పులును, ఊరివారి పరిహాసమును తోడైనవి. చివరకు ఒక్క కదలిక మాత్రము కుదరక ఆగిపోయినది. హైదరాబాదు వచ్చి కూలిపని చేయుచు, బాలానగరులోని ఒక కార్ఖానాకు పనిమీద బోయినపుడు అచ్చటి వేరొక యంత్రమున తనకు కావలసిన కదలికవంటిది కనబడెను. అటులనే అమర్చి, 1999లో యంత్రమును పూర్తిచేసి తల్లిపేర లక్ష్మీ ఆసుయంత్రమని పిలిచెను. అయిదారు గంటలు పట్టు పని సుమారు గంటన్నరకు దిగినది. అటుపిమ్మట ఎలెక్ట్రానిక్ నియంత్రణమును చేర్చి దానిని ఇంకను మెరుగుపరచెను. పల్లెసృజన సంస్థయును, నేషనల్ ఇన్నొవేషన్ ఫౌండేషనును ఆయనకు తోడ్పడినవి. యంత్రమునకు పేటెంటు లభించినది.

ఏడు సంవత్సరములు! ఆ ఏడింటను పరీక్షకురాలు ఇంటిలోనే యుండెను. యంత్రము తన తల్లి చేతికంటె మేలుగ పోసినదో లేదో చెప్పువారు ఆమెయే. క్రొత్తగ యంత్రము చేయబూనినవారికి నేను చెప్పదగిన మొదటి మాట ఇదియే. వాడువారు ఎవరో, వారి నొప్పి యెచ్చటనో ముందుగ తెలిసికొనుడు. యంత్రము లేకున్నను ఎవరికిని బాధలేని చోట యంత్రము చేసి, కొనువారు లేరని ప్రభుత్వమును నిందించువారు కొందరు కలరు.

రెండవది, పుస్తకము. కుట్టిన పుటలు గల నోటుపుస్తకమున ప్రతిదినము చేసిన పనిని తేదీతో వ్రాయుడు, చిత్రము గీయుడు, విఫలమైనది కూడ వ్రాయుడు. ఖాళీ పుటలు విడువకుడు. మన దేశమున ముందు దాఖలు చేసినవానికే ప్రాధాన్యము గనుక ఈ పుస్తకము దరఖాస్తుకు బదులు కానేరదు. కాని ఎవరి భాగమెంతయో తేల్చునది అదియే. అన్నదమ్ములిద్దరు కలసి చేసిన యంత్రమునకు ఒకని పేరే వ్రాసికొని, పిమ్మట పెద్దమనుషుల యెదుట పంచాయతీ పెట్టుకొన్న సంగతులు మీరెరుగనివి కావు. ఉపాయము చెప్పినది భార్యయైనచో ఆమె పేరు కూడ దరఖాస్తునందు కల్పకులలో నుండవలెను. ఈ మాటకు ఎదుటి వరుసలోని సోదరీమణులు చప్పట్లు కొట్టుచున్నారు. పురుషులు కూడ కొట్టవచ్చును. కళాశాల పనిముట్లతో చేసినవారు కళాశాల నియమములను, ఉద్యోగమునందుండి చేసినవారు తమ ఉద్యోగపు ఒప్పందమును చదివికొనవలెను. హక్కు ఎవరిదో ఆ కాగితములపై ఆధారపడును.

మూడవది, వెదకుట. మనము కనిపెట్టితిమనుకొన్నది జపానులో నలువది యేండ్ల క్రిందటనే యుండవచ్చును. పేటెంటు కార్యాలయపు ఇన్‌పాస్, ప్రపంచ మేధోసంపత్తి సంస్థవారి పేటెంట్‌స్కోప్, గూగుల్ పేటెంట్సు అను మూడును ఇంటినుండియే ఉచితముగ చూడదగినవి. వారము దినములు వెదకుడు. దొరకినచో నిరాశపడవలదు. గడువు ముగిసిన పేటెంటు లోకమునకంతకు సొత్తు. దానిని నిస్సంశయముగ వాడుకొని, దానిపై మీదైన మెరుగును చేర్చవచ్చును. పేటెంటు దాఖలు దినమునుండి 20 సంవత్సరములు మాత్రమే నిలుచునను సంగతి ఈ కారణముననే మనవంటి వారికి మేలు చేయుచున్నది.

నాలుగవది మౌనము. నేను భంగపరచినది దీనినే. యంత్రమును ఒంటరిగ చేయుట అసాధ్యము. లేతుపనివాడు కావలెను, సామాను కొట్టు కావలెను, వాడిచూచు నేతగాడు కావలెను. వీరికి చెప్పుట ప్రకటన కాదు, రహస్యముగ నుంచుమని చెప్పి, వీలైనచో ఒక కాగితముపై సంతకము పుచ్చుకొన్నచో. పదిమందికి తెలిసిన లేతు దుకాణమున మొత్తము చిత్రమును ఇచ్చుటకంటె భాగములను వేరువేరు చోట్ల చేయించుకొనుట మేలు. అవసరమైన మేరకు బహిరంగముగ పరీక్షించుటకు చట్టమున ఒక సంవత్సరపు మినహాయింపు కలదు గాని, దానిని నమ్ముకొని ఊరి నడుమ ఆడించుట నా మతమున వివేకము కాదు. వాట్సాపులో చలనచిత్రము పంపుట, యూట్యూబులో పెట్టుట, విజ్ఞానప్రదర్శనమున బల్లపై విప్పి చూపుట, విలేఖరికి వివరించుట, సంఘపు సంచికలో వ్రాయించుకొనుట, ఇవన్నియు దరఖాస్తు దాఖలైన మరునాడు చేసినచో కీర్తి. ముందునాడు చేసినచో నష్టము. ఒక్క దినపు తేడా.

ఐనచో దరఖాస్తు అంత కష్టమా? కాదు. యంత్రము సర్వాంగపూర్తి కానక్కర లేదు. తాత్కాలిక వివరణమని యొకటి కలదు. కల్పన యేమో, ఎట్లు పనిచేయునో స్పష్టముగ వ్రాసి, చిత్రములు జోడించి దాఖలు చేసినచో ఆ తేదీ మీదగును. పిదప 12 నెలలలో సంపూర్ణ వివరణమును ఇయ్యవలెను. తప్పినచో దరఖాస్తు వదలుకొన్నట్లే. వ్యక్తులకు ఆన్‌లైనులో దాఖలు రుసుము 1,600 రూపాయలు. మన యిండ్లలో ఒక నిశ్చయతాంబూలపు పూలఖర్చు అంతకు మించును. తెలంగాణము చెన్నై కార్యాలయపు పరిధిలోనిది గాని, అంతయు ఇంటినుండియే సాగును. దరఖాస్తు 18 నెలలకు ప్రకటితమగును. పరీక్ష జరుపుమని వేరుగ కోరవలెను. 2024లో నియమములు మారినపిదప ఆ గడువు 31 నెలలు, వ్యక్తులకు రుసుము 4,000 రూపాయలు. పేటెంటు వచ్చినపిమ్మట మూడవ సంవత్సరపు లెక్కనుండి ఏటేట రుసుము కట్టుచుండవలెను; మరచినచో హక్కు పోవును. పేటెంటు మన దేశమునకే చెల్లును. పరదేశముల హక్కు కోరువారు మొదటి తేదీనుండి 12 నెలలలో అడుగు వేయవలెను.

తాత్కాలిక వివరణమును స్వయముగ వ్రాసికొనవచ్చును. సంపూర్ణ వివరణమునకు మాత్రము ఏజెంటును ఆశ్రయించుట మంచిది. ఏలయన హక్కును నిర్ణయించునవి చివర వ్రాయు కొద్ది వాక్యములే. "కొయ్యపుల్ల" అని వ్రాసినచో ఇనుపపుల్ల పెట్టినవాడు తప్పించుకొనును. రుసుము భరింపలేని వారు, ప్రత్యేకముగ పల్లెలయందలి వృత్తిపనివారు, ఇదివరకు చెప్పిన రెండు సంస్థలను ఆశ్రయింపవచ్చును. నమూనా చేయుటకు యంత్రపరికరములు లేనివారికి 2023లో రాయదుర్గమున ప్రారంభమైన టీ-వర్క్సు కలదు.

పేటెంటు రానివానిని గూర్చి యొక్క మాట. చిటికి పనివంటి పరంపరాగత విద్యకు ఎవరును పేటెంటు పొందజాలరు, పొందరాదు కూడను. అది మన పూర్వులందరిది. దానికి వేరు రక్షణ కలదు: పోచంపల్లి ఇక్కత్తు మన దేశమున భౌగోళిక గుర్తింపు పొందిన తొలి వస్తువులలో నొకటి. ఒక క్రొత్త చీరయంచు రూపమునకు 2000 సంవత్సరపు డిజైన్ల చట్టము క్రింద 10 సంవత్సరములును, కోరినచో మరి 5 సంవత్సరములును రక్షణ దొరకును. అచ్చటను నమోదునకు ముందు ప్రకటింపరాదను నియమమే. రంగుపాళ్లవంటి వానిని రహస్యముగనే యుంచుకొనుట మన పెద్దల పద్ధతి. చీరను చూచి పాళ్లు చెప్పుట కష్టము గనుక అది వారికి చెల్లినది. యంత్రమునకు చెల్లదు. ఒకటి కొని విప్పినవానికి అంతయు తెలిసిపోవును.

ఇక కార్యవర్గమునకు ఒక ప్రార్థన. మన సంచికలో ఏ సభ్యుని కల్పననుగూర్చి ప్రకటించినను, దరఖాస్తు దాఖలు తేదీని చూచినపిదపనే అచ్చుకు పంపవలెనని తీర్మానింపుడు. దాఖలు కానిచో ఆతని ఫోటోను, అభినందనను మాత్రము వేయుడు. చిత్రములను, కొలతలను వేయకుడు. మన సభల ప్రదర్శనశాలకును ఇదే నియమముండవలెను. విద్యానిధినుండి ఏటేట పదిమంది కల్పకుల దాఖలు రుసుమును భరించినచో అది 16,000 రూపాయలు. నేటి సభకు కట్టించిన పందిరి వెల దాతలకు తెలిసియే యుండును, నేను చెప్పను. మొదటి సంవత్సరపు మొత్తమును నేనే చెల్లించుటకు అనుమతి కోరుచున్నాను. దీనిని దానమనకుడు, అపరాధరుసుమని వ్రాసికొనుడు.

ఆ యువకుని సంగతి చెప్పి విరమించెదను. నేను ప్రకటించిన అమరిక ఇప్పుడు అందరిది. ఒక వర్తకుడు దానినే చేయించి అమ్ముచున్నాడని విన్నాము. ఆతనిని తప్పుపట్టుటకు మనకు హక్కు లేదు. యువకుడు మరల పనికి కూర్చుండెను. పాత యంత్రమున తెగిన నూలుకొసను ఆడువారు చేతితో వెదకి ముడివేయవలసి యుండెడిది. ఆ కొసను జారనీయక పట్టి చేతికందించు వేరొక సాధనమును వాడు చేసెను. అది మన సంచికలో లేదు; ఆ వ్యాసమునుండి సులభముగ తోచునదియు కాదని ఏజెంటు అభిప్రాయపడెను. గడచిన మాసమున తాత్కాలిక వివరణము దాఖలైనది. నేను చూడగోరితిని. వాడు నవ్వి, దరఖాస్తు సంఖ్య వ్రాసిన కాగితమును మాత్రము చూపి, "యంత్రమును పూర్తి దరఖాస్తు పిమ్మట చూపెదను బాబాయీ" అనెను.